బిల్లు లేని సబ్బు

పెద్దమ్మ దినం నాడు, ధర్మవరంలో, భోజనాల పంక్తిలో జనం నవ్వారు.

చావు జరిగిన ఇంట్లో పదకొండో రోజుకు నవ్వు రావడం వింతేమీ కాదు. ఏడ్చేవాళ్లు అప్పటికి అలసిపోయి ఉంటారు. దూరపు చుట్టాలకు మొదటినుంచీ ఏడుపు ఉండదు. నవ్వినందుకు నేనెవరినీ తప్పు పట్టను. దేనికి నవ్వారో అది విని నా ఒళ్లు మండింది.

మా అన్న, పెద్దమ్మకు ఒక్కగానొక్క కొడుకు, సాంబారు బకెట్టు పట్టుకుని వడ్డిస్తూ కథ చెబుతున్నాడు. చీరల అంగడిలో ఏళ్ల తరబడి గిరాకీలను కూర్చోబెట్టినవాడు. మాటనేర్పు ఉంది.

"మా యమ్మ సంగతి మీకు తెలీందేముంది. హిందూపురంలో ఒక సూపర్ మార్కెట్టోణ్ని మూడు దినాలు ఏడిపించింది. ఏమిటికి? గ్రైండర్ కోసరం. అంగడి ముందర చెత్తడబ్బాలో కూపన్లు ఏరుకోని పోయి గ్రైండర్ ఇయ్యప్పా అంటే వాడు యాడిస్తాడు? నన్నొక మాట అడిగింటే నేను కొనిచ్చేవాణ్ని కాదా?"

ఎదురు పంక్తిలో ఒక పెద్దాయన "ఆ వల సంచి సంగతి చెప్పప్పా" అని అందించాడు. అన్న బకెట్టు కింద పెట్టి, రెండు చేతులతో సంచి ఆకారం చూపించాడు. చేపలు పట్టేవాళ్లు పట్టుకుపోయేలాంటి సంచి అట. అందులో సబ్బూ పప్పూ పేస్టూ అన్నీ ఊరికంతా కనిపించేలా వేసుకుని మెయిన్ బజార్లో నడిచేదట. పంక్తి పంక్తి నవ్వింది. పక్కన కూర్చున్నావిడ నవ్వుతూ నా మోచేతిని పొడిచింది.

నేను విస్తరి మడిచి లేచాను. చెయ్యి కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా బస్టాండుకు నడిచి, పెనుకొండ బస్సెక్కాను. వల సంచి ఎందుకు వచ్చిందో, చెత్తడబ్బాలో ఏరినవి ఎన్నో, శీకాయ పొడికి మారినవి ఎన్నో, అడగాల్సిన మాట ఎవరు ఎన్నిసార్లు అడిగారో నాకు తెలుసు. అప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను.

మా ఊరు పెనుకొండకు అవతల. ఇంటర్ చదవడానికి నన్ను హిందూపురంలో పెద్దమ్మ ఇంట్లో పెట్టారు. చింతపండు మండీ వెనక సందులో రెండు గదుల ఇల్లు. పెద్దనాయన పనిచేసిన మిల్లు మూతపడి, ఒక గోడౌనుకు కాపలా పోతుండేవాడు. ఆయన తెచ్చింది పెద్దమ్మ చేతిలో పెట్టేవాడు, ఆ తర్వాత ఇల్లు ఎలా నడుస్తోందని ఒక్కరోజూ అడిగేవాడు కాదు. అడగకపోవడం మంచితనం అని అందరూ అనేవాళ్లు. నాకిప్పటికీ అలా అనిపించదు.

నేను వెళ్లిన రెండో రోజే పెద్దమ్మ నన్ను పిలిచి రెండు సబ్బు కవర్లు చేతికిచ్చింది. ఒకటి పాతది, ఒకటి ఆ రోజు విప్పింది. ఆమెకు తెలుగు చదవడం వచ్చుగానీ ఇంగ్లీషు అక్షరాలు రావు.

"దీని మింద బరువెంతుందో చదువు పాపా."

చదివాను.

"ఇప్పుడు దీని మింద."

చదివాను. తగ్గింది.

"ధర?"

"అదే పెద్దమ్మా."

"చూసినావా. ధర పెంచితే ఊరంతా తిడతాది. సబ్బు సన్నం చేస్తే ఎవరికీ కనపడదు. కనపడకుండా తీసేదాన్ని ఏమంటారు?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు. కళ్లద్దాలకు కట్టిన దారాన్ని చెవి వెనక సర్దుకుని నా ముఖం వైపే చూస్తూ నిలబడింది. "దొంగతనం" అని నేననేదాకా కదల్లేదు. అన్నాక "ఆఁ" అని ఆ రెండు కవర్లూ మడిచి పౌడరు డబ్బాలో పెట్టుకుంది. అలాంటి కవర్లు ఆ డబ్బాలో బోలెడు ఉండేవి. టీ పొడివి, బిస్కెట్లవి, పేస్టు పెట్టెలవి. ఎవరిమీదో కేసు వేయడానికి సాక్ష్యాలు కూడబెట్టినట్టు ఉండేది.

ఆమె పొదుపు అలా కోపంతో మొదలయ్యేది. పొదుపు అనగానే మనకు ఒక మెత్తని గృహిణి గుర్తుకొస్తుంది, సర్దుకుపోయే మనిషి. పెద్దమ్మ దేనికీ సర్దుకుపోయేది కాదు. పేస్టు ధర పెరిగిన నెలలో పేస్టు మానేసి, బొగ్గూ ఉప్పూ లవంగాలూ నూరి పళ్లపొడి చేసింది. గిన్నెలు తోమే సబ్బు సన్నబడిన నెలలో, చింతపండు పిసికిన పిప్పిని ఎండబెట్టి, కుంకుడుకాయ పొడి, బూడిద కలిపి డబ్బాకెత్తింది. నిమ్మతొక్కలు ఉప్పులో ఊరేసి ఆ నీళ్లతో బండలు తుడిచేది. మండీలో గింజతో ఉన్న చింతపండు తెచ్చి ఇంట్లోనే కొట్టుకునేది. శెనిక్కాయల పొడి, సాంబారు పొడి, నిమ్మకాయ ఊరగాయ, సున్నిపిండి, అన్నీ ఇంట్లోవే. ఏది చేసినా చేసేటప్పుడు ఎవరినో ఒకరిని తిడుతూ చేసేది. "మన ఇంటి ముందర కాసే నిమ్మకాయను సీసాలో పోసి మనకే అమ్ముతాడంట" అంటూ రోకలి ఎత్తేది.

ఇంట్లో చెయ్యలేనివి కొనాలి కదా. వాటికి కూపన్లు. పేపర్లో వచ్చేవి, టీ పొట్లంలో వచ్చేవి, అంగళ్లలో ఇచ్చేవి. చేత్తో ఎప్పుడూ చింపేది కాదు, చుక్కల గీత వెంబడి కత్తెరతో కోసేది. మా ఇంట్లో చెంచాలన్నీ టీ కంపెనీవాళ్లవే. ఒకసారి నేను "పోనీలే పెద్దమ్మా, రూపాయి కోసం ఏమిటికి" అన్నాను. ఆమె చేస్తున్న పని ఆపింది.

"కూపనంటే దానం అనుకుంటాండావా? మన కాడ ఎక్కువ తీసుకున్నదాంట్లో చిటికెడు వెనక్కిచ్చే చీటీ అది. మనం అడక్కపోతే అదీ వానికే. నాకు రూపాయి లెక్క కాదు. వానికి వదలాలంటే మనసొప్పదు."

ఆమెతో బతకడం తేలిక కాదు. అది కూడా చెప్పాలి, లేకపోతే నేనూ అన్నలాగే కథ కట్టినదాన్నవుతాను. నా తలకు శీకాయ తప్ప ఇంకోటి తగలనిచ్చేది కాదు. క్లాసులో అమ్మాయిలు వాసన చూసి నాకు "శీకాయ" అని పేరు పెట్టారు. ఏడుపొచ్చి, షాంపూ ప్యాకెట్లు కొని ఫిజిక్స్ పుస్తకంలో దాచుకున్నాను. పెద్దమ్మ పట్టుకుంది. తిట్టలేదు, మా నాయనకు చెప్పలేదు. ఆ ఆదివారం పొద్దున నుంచి సాయంత్రం దాకా నాతో శీకాయ దంచించింది. అరచేతులు బొబ్బలెక్కాయి. "ఇప్పుడు తెలుస్తాది దాని ధర" అంది. నాకు తెలిసింది ధర కాదు, ఆమె మీద అసహ్యం. ఆ వయసులో నాకు కావాల్సింది నలుగురిలో కలిసిపోవడం. ఆమె నన్ను కలవనిచ్చేది కాదు. బజార్లో ఆమె వెనక పది అడుగులు వదిలి నడిచేదాన్ని.

రెండో ఏడాదికి ఆమె కుడి మణికట్టు వాచింది. రోట్లో పిండి రుబ్బీ రుబ్బీ అది ఒకవైపుకు గట్టిపడిపోయింది. డాక్టరు రుబ్బడం మానేయమన్నాడు. ఆమె అన్నను అడిగింది. నా ఎదురుగానే అడిగింది.

అన్న అప్పుడే ధర్మవరంలో చీరల అంగడిలో చేరి, కొత్త బండి కొనుక్కుని, వినాయక చవితికి ఇంటికి వచ్చాడు. ఆమె అన్నం వడ్డిస్తూ, "నాయనా, చెయ్యి శానా నొప్పి పెడతాంది, ఒక చిన్న గ్రైండర్ చూడు" అంది. ఆ చెయ్యితోనే వడ్డిస్తోంది. అన్న చెయ్యి వైపు చూడలేదు. "ఈ సీజన్ పోనీమ్మా, చూద్దాం" అన్నాడు.

రెండోసారి ఫోన్లో అడిగింది. స్పీకరు పెట్టి నేనే ఫోను పట్టుకున్నాను. "ఈ కాలంలో ఎవరమ్మా రుబ్బుకునేది. పిండి కొనుక్కో, అంగట్లో ప్యాకెట్ దొరుకుతాది" అన్నాడు. ఆమె "సరేలే" అంది. మూడోసారి అడగలేదు. ఏదైనా సరే, ఎవరినైనా సరే, మూడోసారి అడిగే మనిషి కాదు.

అప్పుడే హిందూపురం మెయిన్ రోడ్డులో పెద్ద సూపర్ మార్కెట్టు ఒకటి తెరిచారు. అద్దాల తలుపులు, చల్లగాలి, కొంచెం పెద్ద బిల్లు చేసిన ప్రతివాళ్లకూ ఒక ఎర్ర కూపను. అరవై కూపన్లు తెస్తే గ్రైండర్ ఉచితం అని బయట ఫ్లెక్సీ కట్టారు. మేము ఆ అంగట్లో అరవైసార్లు బిల్లు చేయాలంటే పెద్దనాయన పది జన్మలెత్తాలి. అది పెద్దమ్మకూ తెలుసు. ఆమె ఇంకో లెక్క వేసింది. కార్లలో వచ్చేవాళ్లకు కూపన్లతో పనిలేదు, మెట్లమీదే పారేసి పోతారు.

మండీలో చింతపండు గింజ కొట్టే ఆడవాళ్లకు, మా సందులో వాళ్లకు చెప్పింది. ఐదు కూపన్లు తెచ్చిస్తే ఒక పొట్లం శీకాయ పొడి. పెద్దిళ్లలో పనిచేసేవాళ్లు యజమానమ్మలనడిగి తెచ్చారు. పండ్ల బండ్లవాళ్లు తెచ్చారు. శీకాయా మెంతులూ పెసలూ ఎండుమందారాలూ కలిపి, ఆ వాచిన చేతికి గుడ్డ చుట్టుకుని ఆమె దంచింది. అరవైలో నలభైకి పైగా అట్లా వచ్చినవే. మిగిలినవి అంగడి ముందు నుంచి, కొన్ని చెత్తడబ్బాలోంచి కూడా, ఏరింది. అవును, ఏరింది. నాలుగు నెలలు పట్టింది.

అరవై నిండిన ఆదివారం నన్ను తోడు రమ్మంది. నేను అలవాటుగా వెనకే నడిచాను. దారిలో కిరాణా అంగట్లో ఒక సబ్బు కొంది. బిల్లు రాసి ఇచ్చే అంగడి కాదది. సంచిలో ఆ సబ్బు, రెండు శీకాయ పొట్లాలు, దర్జీకి కొలతకు ఇవ్వాల్సిన ఆది రవిక.

సూపర్ మార్కెట్లో ఐస్‌క్రీం డబ్బా దగ్గర మా క్లాసు అమ్మాయిలు ఇద్దరు ఉన్నారు. వాళ్లను చూడగానే నేను బిస్కెట్ల అరల వెనక్కు పోయాను.

పెద్దమ్మ కౌంటరు మీద కూపన్లు పెట్టింది. పదేసి చొప్పున దారంతో కట్టినవి, ఆరు కట్టలు. కౌంటర్లో అమ్మాయి మేనేజరును పిలిచింది. చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకున్న మనిషి. కట్ట విప్పి వాసన చూశాడు.

"ఇవన్నీ నీ బిల్లులకు ఇచ్చినవేనామ్మా?"

"మీ అంగడి ఇచ్చినవే."

"నీకిచ్చినవా అని అడుగుతున్నా. చెత్తలో ఏరుకొచ్చినవి చెల్లవు."

"చెల్లవని యాడ రాసినారు, చూపించు."

ఆమె గొంతు పెంచలేదు. కోపమొస్తే ఆమె గొంతు తగ్గేది. కొంగు తీసి నడుముకు దోపుకునేది. అప్పుడూ అదే చేసింది. మేనేజరుకు వెనకున్న వరస చూసి సిగ్గేసిందో ఏమో, సెక్యూరిటీ ఆయన్ను పిలిచి, "ఆ సంచిలో ఏముందో చూడు. ఇట్లాంటోళ్లు అదొకటి ఇదొకటి వేసుకుని పోతుంటారు" అన్నాడు.

సెక్యూరిటీ ఆయన నడివయసు మనిషి. సంచి తీసుకుని కౌంటరు మీద కుమ్మరించాడు. సబ్బు దొర్లింది. శీకాయ పొట్లం ఒకటి పగిలి పొడి లేచింది. ఆది రవిక విప్పుకుని పడింది. చంక కింద రెండుచోట్ల అతుకులు, చెమటకు రంగు పోయిన పాత రవిక. దాన్ని ఆయన రెండువేళ్లతో ఎత్తి, దులిపి, కింద ఏమైనా ఉందేమోనని చూశాడు. వరసలో మగవాళ్లున్నారు. మా క్లాసు అమ్మాయిలు ఐస్‌క్రీం తినడం ఆపి చూస్తున్నారు.

మేనేజరు సబ్బు తీసుకుని "దీనికి బిల్లేదీ?" అన్నాడు.

నేను ఒక బిస్కెట్ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని వెనక అట్ట మీద అక్షరాలు చదువుతున్నాను. ముందుకు పోయి, "మేము ఇప్పుడే కిరాణా అంగట్లో కొన్నాం, నేను చూశాను" అంటే సరిపోయేది. ఒక్క వాక్యం. అడుగు కూడా వెయ్యలేదు.

అన్న ఆ ఆదివారం హిందూపురంలోనే ఉన్నాడు. మేనేజరు పెద్దమ్మను ఇంట్లోవాళ్ల నంబరు అడిగి అన్నను పిలిపించాడు. పది నిమిషాల్లో బండి మీద వచ్చాడు. లోపలికి వచ్చి వాళ్లమ్మను ఏం జరిగిందని అడగలేదు. మేనేజరు భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయి, వేలితో తన కణత దగ్గర సున్నా చుట్టి చూపించాడు. "ఇంట్లో ఇట్లనే సార్, ఏమనుకోవద్దు" అన్నాడు. సబ్బుకు డబ్బు కట్టాడు. బిల్లు తీసుకున్నాడు. కౌంటరు మీద సామాను అలాగే వదిలేసి ఆమె రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

పెద్దమ్మ చెయ్యి విడిపించుకుని లోపలికి వచ్చింది. రవిక, సబ్బు, పొట్లాలు, కూపన్లు ఒక్కొక్కటే ఏరుకుని సంచిలో వేసుకుంది. వాచిన చేతికి కూపన్ల కట్ట పట్టు దొరకక రెండుసార్లు జారింది. ఎవరూ సాయం పట్టలేదు. ఆ ఎవరూ అన్నదాంట్లో నేనున్నాను.

ఆ సాయంత్రం ఆమె అన్నతో ఏమీ అనలేదు. అతను వెళ్లిపోయాక పెద్దనాయనతో ఒకే మాట అంది. "ఒక సబ్బుకు రెండు మాట్లు దుడ్లు ఇచ్చినాడు నీ కొడుకు." తర్వాత నన్ను పిలిచి కూపను చేతికిచ్చింది.

"వెనక ఇంగ్లీషులో ఏముందో చదువు."

తిడుతుందని ఎదురుచూస్తున్నాను. తిట్టలేదు. చదివి చెప్పాను. సరుకు ఉన్నంతవరకే, ఫలానా తేదీలోపలే, డబ్బుగా మార్చి ఇవ్వరు.

"ఎవరి బిల్లుది వాళ్లే తేవల్లని ఉండాదా?"

"లేదు పెద్దమ్మా."

"ఏరుకున్నవి చెల్లవని?"

"లేదు."

"మళ్లొకసారి చదువు."

నాలుగుసార్లు చదివించింది. సోమవారం పొద్దున అదే సంచి, అదే సామాను తీసుకుని సూపర్ మార్కెట్టుకు పోయింది. వరసలో నిలబడింది. తన వంతు రాగానే కూపన్లు పెట్టింది. ఇవ్వం పొమ్మన్నారు. సరేనని మళ్లీ వరస చివరికి పోయి నిలబడింది. వంతు వచ్చింది, పెట్టింది, ఇవ్వం పొమ్మన్నారు, మళ్లీ చివరికి. సాయంత్రం దాకా అదే. ఎవరినీ తిట్టలేదు, అడ్డం పడలేదు. వరసలో నిలబడినవాళ్లు ఏంటని అడిగితే కూపను వెనక్కి తిప్పి చూపించి, "ఇంగ్లీషు వస్తే చదవండి. ఏరుకున్నవి చెల్లవని యాడుందో నాకు చెప్పండి" అనేది. మంగళవారం కూడా అంతే. రాత్రి కాళ్లు ఉప్పునీళ్లలో పెట్టుకుని కూర్చుంటే "ఇచ్చినారా" అని అడిగాను. "ఇయ్యలా. రేపు ఇస్తారు. నువ్వు రావల్ల, బరువుంటాది" అంది.

బుధవారం నేను కాలేజీ మానేసి ఆమెతో పోయాను. మేము వెళ్లేసరికి అంగడి మెట్ల మీద మండీ ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు. ఎవరు పిలిచారో తెలీదు. చేతులకు చింతపండు మరకలతోనే వచ్చారు. పెద్దమ్మ వెనక వరసలో నిలబడ్డారు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క అగ్గిపెట్టె. కొనడానికే వచ్చారు మరి, పొమ్మనడానికి లేదు.

వాళ్లలో ఒకామె మేనేజరుతో అంది. "మా దొరసాని నాకిచ్చింది కూపన్లు. నేను ఈయక్కకు ఇచ్చినా. ఈయక్క నాకు శీకాయ పొడి ఇచ్చింది. నడాన నువ్వెవరప్పా దొంగతనం అనేకి?"

వెనక కారు దిగి వచ్చినవాళ్లు కూడా గొణగడం మొదలుపెట్టారు. మేనేజరు అద్దాల గదిలోకి పోయి ఎవరితోనో ఫోన్లో మాట్లాడాడు. బయటికి రాలేదు. లోపల్నుంచే కౌంటరు అమ్మాయికి చేత్తో సైగ చేశాడు. గ్రైండర్ పెట్టె తెచ్చి పెట్టారు.

పెద్దమ్మ పెట్టెను ముట్టుకోలేదు. సంచి తీసి కౌంటరు మీద తానే కుమ్మరించింది. సబ్బు, పొట్లం, రవిక.

"ఆ పొద్దు తీసినాయన యాడుండాడు? తీసిన చేత్తోనే మళ్లా లోపల పెట్టల్ల."

సెక్యూరిటీ ఆయన వచ్చాడు. ఒక నిమిషం అద్దాల గది వైపు చూశాడు. తర్వాత రవిక తీసుకుని, చేతులు రెండూ లోపలికి మడిచి, నాలుగు మడతలు వేసి, సంచి అడుగున పెట్టాడు. దానిమీద సబ్బు, ఆపైన పొట్లం. మనిషి కళ్లు పైకెత్తలేదు.

"తప్పయింది అక్కా" అన్నాడు.

"నీది కాదులే. చెప్పినోనిది."

అద్దాల గదిలో మనిషి ఏదో కాగితం చూస్తున్నట్టు తల వంచుకునే ఉన్నాడు. పెద్దమ్మ చాలాసేపు అటే చూసింది. అతను తల ఎత్తనే లేదు. అదొక్కటీ ఆమెకు దక్కలేదు.

గ్రైండర్ పెట్టె చెరోవైపు పట్టుకుని ఇంటిదాకా మోశాం. ఆటో పిలుద్దామంటే "ఊరికే వచ్చినదానికి ఆటో చార్జీనా" అంది. ఆ తర్వాత వారం దర్జీ దగ్గర నైలాన్ వల గుడ్డతో సంచి కుట్టించుకుంది. లోపల ఉన్నదంతా బయటికి కనిపించే సంచి. "ఇంక ఎవడూ తెరిచి చూసే పని లేదు" అంది. బతికినన్నాళ్లూ అంగడికి పోతే ఆ సంచే. దాన్ని చూసే మొన్న పంక్తి పంక్తి నవ్వింది.

పెద్దనాయన పోయాక అన్న ఆమెను ధర్మవరం తీసుకుపోయాడు. కిందటి వానాకాలంలో చూడబోయాను. కళ్లు దాదాపు కనిపించడం లేదు. ఆ ఇంట్లో అన్నీ ఫోన్లో తెప్పించుకుంటారు. గది మూలలో అట్టపెట్టెలు. ఆమె నా చేతిలో ఫోను ఉందని తెలిసి, "కంది బేడలు ఎంతుండాయో చూడు" అంది. కందిపప్పు ధర చూసి, అసలు ధర కొట్టేసి తగ్గింపు ధర రాశారని చెప్పాను.

"కొట్టేసిన ధరకు ఎప్పుడన్నా అమ్మినారా? ఎవరన్నా చూసినారా?" అంది. "తగ్గించినట్టు చూపించేదానికే పైన ఒకటి రాసుకుంటారు. చదువుకున్నోళ్లు మీరు, దాన్ని నమ్ముతారు."

ఆ కోపం విని నాకు ప్రాణం లేచొచ్చింది. కాసేపు మాట్లాడుకున్నాక, ఏ సందర్భమూ లేకుండా అంది.

"ఆ పొద్దు నువ్వు బిస్కెట్ల కాడ ఉంటివి."

"చూసినావా పెద్దమ్మా?"

"చూసినా."

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. ఉండాది." చూపు లేని కళ్లు నా వైపే ఉన్నాయి. "నీ మింద తక్కువ. మీ యన్న మింద ఎక్కువ. అయినా ఉండాది, లేదని ఏమిటికి చెప్పల్ల."

క్షమించానని ఒక మాట అనేస్తే నాకు సుఖంగా ఉండేది. ఆమె అనలేదు. తగ్గింపు ఇవ్వని మనిషి.

దినం అయిన మూడో రోజు నేను స్కూల్లో ఉండగా అన్న ఫోన్ చేశాడు. అన్నం మధ్యలో లేచిపోవడం ఏమిటని, చుట్టాలు ఏమనుకుంటారని అన్నాడు. చెప్పాను. గ్రైండర్ కోసం పెద్దమ్మ రెండుసార్లు అడిగిందని, రెండుసార్లూ నేను విన్నానని చెప్పాను. సీజన్ పోనీ అన్న మాట, పిండి కొనుక్కో అన్న మాట, కణత దగ్గర వేలు తిప్పి చూపించిన సంగతి, అన్నీ చెప్పాను. నా గొంతు పెరిగిపోయింది. స్టాఫ్ రూములో తోటి టీచర్లు తల తిప్పి చూశారు.

అన్న అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నువ్వు కూడా ఆడనే ఉంటివి గదమ్మా. నువ్వేం మాట్లాడితివి?"

"ఏమీ మాట్లాడలేదన్నా."

"మళ్లా?"

"నేను దాన్ని పంక్తిలో చెప్పి నవ్వించలేదు."

అతను ఫోను పెట్టేశాడు. అప్పటినుంచీ మా మధ్య మాటల్లేవు. ఇంట్లోవాళ్లు సర్దుకోమంటున్నారు, పోయినావిడ కోసమైనా కలిసిపొమ్మంటున్నారు. పోయినావిడ అలా కలిసిపొమ్మని ఎప్పుడూ చెప్పలేదని నాకు తెలుసు. అతని మీద కోపం ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. రెండూ ఉండనీ.